ప్రమాణానికి ప్రమాణమేది?

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో వంకాయలు కొంటూ ఒకనాడు నేను తక్కెడ ముల్లు వంక కాస్త ఎక్కువసేపు చూశాను. కూరగాయలమ్మే అవ్వకు అది నచ్చలేదు. "ఏటి బాబూ, నా కాటా మీద నమ్మకం నేదా? ముద్ర సూసుకో" అంటూ రెండు కిలోల ఇనపరాయి తిరగేసి నా ముందు పెట్టింది. రాయికున్న గుంటలో చిన్న సీసపు బిళ్ళ, బిళ్ళ మీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర. నేను సిగ్గుపడి డబ్బులిచ్చేసి వచ్చాను. కాని ఆ ముద్ర నన్ను వదలలేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ అవ్వ అడిగిన ప్రశ్నకు నా జవాబు. కాకపోతే నేను ఆ ప్రశ్నను ఆమె కాటా మీద నుంచి తీసి, మరొక కాటా మీద పెట్టాను. అది మనుషుల నేరాన్నీ నిర్దోషిత్వాన్నీ తూచే కాటా.

ముందుగా ఒక మాట గూర్చి చెప్పాలి. తెలుగు బోధించి బతికేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర ఆగటం నాకు అలవాటు. "ప్రమాణం" అనే మాటకు మన వాడుకలో మూడర్థాలున్నాయి. కొలతకు ఆధారమైనది ప్రమాణం. గుడిలోనో కోర్టులోనో చేసే ఒట్టు ప్రమాణం. న్యాయశాస్త్రంలో, అంటే గౌతముని న్యాయంలో, జ్ఞానానికి సాధనమైనది ప్రమాణం: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. తూకపు రాయి, సాక్షి ఒట్టు, సత్యాన్ని తెలుసుకునే దారి, ఈ మూడింటినీ మనవాళ్ళు ఒకే మాటతో ఎందుకు పిలిచారో కాని, ఫోరెన్సిక్ శాస్త్రం గూర్చి ఆలోచించేవాడికి ఇంతకంటె మంచి మాట దొరకదు. ఎందుకంటే ప్రయోగశాల నివేదికలో ఈ మూడూ కలిసే వుంటాయి. అది ఒక కొలత, ఒక సాక్ష్యం, ఒక సత్యనిరూపణ. మరి ఆ ప్రమాణానికి ప్రమాణమేది? ఆ రాయి మీద ముద్ర వేసేదెవరు?

అవ్వ చేతిలోని రాయి చరిత్రే ముందు చూద్దాం. వీశ, మణుగు, శేరు, పలం, పుట్టి అనే పేర్లు మన తాతలకు బాగా తెలుసు. పేర్లు ఒకటే, కొలతలు మాత్రం ఊరికొక తీరు. ఒక ఊరి పుట్టి మరొక ఊరి పుట్టి కాదు. రైతు దగ్గర కొనేటప్పుడు ఒక కుంచం, అదే రైతుకు అప్పిచ్చేటప్పుడు మరొక కుంచం వాడిన షావుకార్ల కథలు పల్లెల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. 1956లో పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలులోకి వచ్చాయి. ఇప్పుడున్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. 2011 నిబంధనల ప్రకారం తూకపు రాళ్ళకూ తక్కెడలకూ రెండేళ్ళకొకసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు ఏటా ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేనిదే వాడితే శిక్ష. ఆ ముద్ర వెనక ఒక గొలుసు వుంది. ఇన్‌స్పెక్టరు దగ్గరి రాయిని దానికంటె నిక్కమైన రాయితో సరిచూస్తారు. దాన్ని ఇంకా నిక్కమైన దానితో సరిచూస్తారు. అలా పోగా పోగా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో వున్న 57వ నంబరు కిలోగ్రాము ప్రతి దాకా పోతుంది. 2019లో కిలోగ్రాము నిర్వచనమే ఒక లోహపు దిమ్మ మీద నుంచి ప్రకృతి స్థిరాంకం మీదికి మారింది. అయినా గొలుసు గొలుసే. పూర్ణా మార్కెట్‌లో ఒక ముసలమ్మ తూచే వంకాయలకు వెనక ఇంత శాస్త్రం, ఇంత శాసనం వున్నాయి.

ఇక రెండో కాటా దగ్గరికి వద్దాం. అది కూడా ఎంతో దూరంలో లేదు. 1923 నుంచి వున్న కింగ్ జార్జి ఆస్పత్రి ఈ మార్కెట్ వున్న పాతపట్నానికి దగ్గరలోనే వుంది. అనుమానాస్పదంగా చనిపోయినవారి శవపరీక్ష జరిగేటప్పుడు, విషప్రయోగమేమోనన్న సందేహం వుంటే, కడుపులోని భాగాలను సీసాలలో ఉప్పునీటిలో నిలవచేసి, మూతమీద లక్కముద్ర వేసి ప్రయోగశాలకు పంపుతారు. ఈ నగరంలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాల వుంది. సీసా మీద లక్కముద్ర వుంటుంది సరే. సీసా విప్పి పరీక్షించే చేతిమీద, ఆ చేతిలోని యంత్రం మీద, ఆ యంత్రం చెప్పినదాన్ని అర్థం చేసుకునే పద్ధతిమీద ఏ ముద్ర వుంది? ఇది వ్యక్తులను శంకించే ప్రశ్న కాదు. అవ్వ నిజాయితీపరురాలే. అయినా ఆమె రాయిమీద ముద్ర వుండాలని చట్టం కోరింది.

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెతకాలి.

* * *

మన దేశంలో నేరానికి సంబంధించిన రసాయనిక పరీక్షకు మొట్టమొదటి ప్రయోగశాల మన మద్రాసు రాజధానిలోనే, 1849లో, ఆరోగ్యశాఖ కింద ఏర్పడింది. కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల అని దాని పేరు. తర్వాత కలకత్తా 1853లో, ఆగ్రా 1864లో, బొంబాయి 1870లో వచ్చాయి. పాషాణం, నల్లమందు, ఉమ్మెత్త, గన్నేరు వంటి విషాలు మన ఊళ్ళలో సులభంగా దొరికేవి. విషం పెట్టి చంపిన కేసుల్లో వైద్యుడి ఊహ చాలదు, రసాయనిక నిదర్శనం కావాలి అని గ్రహించటం నిస్సందేహంగా ముందడుగు. అంతకుముందు ఒట్లు, పుకార్లు, పోలీసు దెబ్బలకు పుట్టిన ఒప్పుకోళ్ళు ఇవే సాక్ష్యాలు. నోరులేని సీసా నోరున్న పెద్దమనిషికంటె నమ్మదగిన సాక్షి కావటం బీదవాడికి మేలే.

ఐతే ఈ మేలుతోపాటు ఒక చిక్కు కూడా పుట్టింది. రాజధాని అంతటికీ ఒకే పరీక్షకుడు. గంజాం నుంచి తిరునల్వేలి దాకా ప్రతి సెషన్సు కోర్టుకూ ఆయన వచ్చి సాక్ష్యం చెప్పటం అయ్యే పని కాదు. అందుచేత 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 510వ సెక్షను కెమికల్ ఎగ్జామినర్ సంతకం చేసిన నివేదికను, ఆయనను బోనెక్కించకుండానే, సాక్ష్యంగా తీసుకోవచ్చునన్నది. పరిపాలనా సౌలభ్యం కోసం చేసిన ఈ ఏర్పాటు 1973 కోడ్‌లో 293వ సెక్షనైంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 329వ సెక్షనైంది. కోర్టు తనకు అవసరమనిపిస్తే నిపుణుణ్ణి పిలిపించవచ్చు. అనిపించకపోతే కాగితమే సాక్షి. తార్కికుల పరిభాషలో చెప్పాలంటే, ప్రత్యక్షంగానో అనుమానంగానో పరీక్షకు నిలవవలసినదాన్ని చట్టం శబ్దప్రమాణంగా, ఆప్తవాక్యంగా మార్చింది. ఆప్తుడంటే ఎవరు? ఉన్నది ఉన్నట్టు తెలిసి, తెలిసినది తెలిసినట్టు చెప్పేవాడు. అతడు ఆప్తుడని ముందు నిరూపించాలని ప్రాచీన తార్కికులు కూడా అన్నారు. మన చట్టం మాత్రం అతని ఉద్యోగం పేరు చూసి సరిపెట్టుకున్నది.

* * *

వేలిముద్ర చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కోనాయి అనే కంట్రాక్టరు చేత ఒప్పందపు కాగితం వెనక అరచేతి ముద్ర వేయించాడు. కంట్రాక్టరు రేపు "ఆ సంతకం నాది కాదు" అనకుండా బెదరగొట్టటమే తన ఉద్దేశమని హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. అంటే ఈ శాస్త్రం పుట్టుకలోనే పాలకుడికి పాలితుని మాటమీద వున్న అపనమ్మకం వుంది.

1890లలో బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయులు పదివేళ్ళ ముద్రలను 1024 గదులుగా విభజించే పద్ధతిని తీర్చిదిద్దారు. లెక్కలు చదువుకున్న హక్ పాత్ర ఇందులో ముఖ్యమైనది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోకెల్లా మొదటి వేలిముద్రల కార్యాలయం వెలిసింది. 1901లో హెన్రీ లండను వెళ్ళి స్కాట్లండ్ యార్డులో అదే పద్ధతిని ప్రవేశపెట్టాడు. లోకానికి అది "హెన్రీ పద్ధతి". హక్ ఖాన్ బహదూర్ అయ్యాడు, బోసు రాయ్ బహదూర్ అయ్యాడు. పేరు దొరది, బిరుదు నౌకరుది.

ఈ పద్ధతి మొదటిసారి కోర్టులో నిలిచిన సందర్భం మనం గుర్తుంచుకోదగినది. 1897లో జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును గొంతుకోసి చంపారు. అతడు కూలీలను పీడించేవాడు కాబట్టి ముందు తోట కూలీలను అనుమానించారు. అతని వంటవాణ్ణీ అనుమానించారు. చివరకు దోచిన పెట్టెలోని బెంగాలీ పంచాంగం మీద గోధుమరంగు మరకలు రెండు దొరికాయి. అవి రక్తపు మరకలేనని కెమికల్ ఎగ్జామినర్ ధ్రువీకరించాడు. వాటిలో ఒకటి కాంగాలీ చరణ్ అనే పాత నౌకరు కుడి బొటనవేలి ముద్రతో సరిపోయింది. 1898లో కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది కాని, హత్యానేరం మాత్రం రుజువు కాలేదన్నది. పంచాంగాన్ని తాకినంత మాత్రాన గొంతు కోసినట్టా అన్నది అక్కడి ప్రశ్న. ఈ ఒక్క కేసులో ఫోరెన్సిక్ శాస్త్రం వల్ల కలిగే మేలూ, దానికి వుండవలసిన హద్దూ రెండూ వున్నాయి. ఆ ముద్ర వల్ల అమాయకులైన కూలీలు బయటపడ్డారు. ఆ ముద్ర చెప్పగలిగినంతే న్యాయస్థానం విన్నది. సాక్ష్యం ఎంతవరకు చెబుతుందో అంతవరకే వినటం అన్నింటికంటె పెద్ద ప్రమాణం. కొత్త శాస్త్రం కన్ను తెరిచిన ఏడాదిలోనే ఆ కోర్టు దాన్ని పాటించింది.

కాని ఆ శాస్త్రం నడిచిన దారి వేరు. హెన్రీ 1900లో దక్షిణాఫ్రికా వెళ్ళి అక్కడ వేలిముద్రల పద్ధతి నెలకొల్పాడు. మన విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన తెలుగువారు ఎందరో అప్పటికే ఆ పక్క నేటాల్ చెరకు తోటల్లో వున్నారు. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులందరూ వేలిముద్రలిచ్చి నమోదు కావాలని శాసనం తేగా, గాంధీ నాయకత్వాన భారతీయులు జొహాన్నెస్‌బర్గులో ప్రతిఘటన ప్రతిజ్ఞ చేశారు. సత్యాగ్రహ చరిత్రకు అదే నాంది. ఇక్కడ, మన గడ్డమీద, 1911 నాటి నేరస్థజాతుల చట్టం మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. నమోదైన కులాలవారి వేలిముద్రలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునే అధికారం అందులో వుంది. సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలు ఆ చట్టం నీడనే బతికాయి. నేరం చేసినందుకు ముద్ర తీయటం ఒకటి. ఫలానా తల్లికి పుట్టినందుకు ముద్ర తీయటం మరొకటి. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ అనుమానం మాత్రం పోలీసు రికార్డుల్లోనూ మన మాటల్లోనూ చాలాకాలం బతికింది.

తెలుగులో "నిశానీ" అనే మాటకు పట్టిన గతి చూడండి. చేవ్రాలు చేయగలవాడు పెద్దమనిషి, నిశానీ వేసేవాడు మొద్దు. ప్రామిసరీ నోటు మీద, కౌలు కాగితం మీద, కూలి పద్దు మీద వేసిన బొటనవేలి ముద్ర మన పల్లె బీదవాడి చరిత్రంతా మోస్తున్నది. ఆ వేలు ఎవరిదో తేల్చటానికి లోకంలోకెల్లా కచ్చితమైన పద్ధతి కనిపెట్టారు. ఆ వేలు ఏ కాగితం మీద, ఏ పరిస్థితిలో, ఎవరి ఒత్తిడి వల్ల పడిందో తేల్చే పద్ధతి కోసం ఎవరూ అంత తొందరపడలేదు. పాలకుల ప్రమాణాలు పాలితులను కొలవటానికి పుట్టాయి. కొలిచేవాణ్ణి కొలిచే ప్రమాణం చాలా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చింది కూడా తనంతట తాను రాలేదు.

* * *

ఆ ఆలస్యపు కథ అమెరికాలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 1948లో ఫోరెన్సిక్ శాస్త్రాల అకాడమీ ఏర్పడింది. నిపుణులు కలుసుకుని పత్రాలు చదువుకోవటానికి అది వేదిక. 1974లో ప్రయోగశాలల అధిపతులు తమ సంఘం పెట్టుకున్నారు. ఆ కాలంలోనే ఒక పరీక్ష జరిగింది. రెండువందలకు పైగా ప్రయోగశాలలకు జవాబు ముందే తెలిసిన నమూనాలు పంపి, ఏం చెబుతారో చూశారు. 1978లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక రక్తపు నమూనా విషయంలో నూటికి డెబ్బైకి పైగా ప్రయోగశాలలు ఆమోదించదగని జవాబిచ్చాయి. ఒక రంగుపెచ్చు విషయంలో సగానికి పైగా తప్పాయి. అంతకాలం కోర్టుల్లో ఆప్తవాక్యంగా చెల్లినది ఇదన్నమాట. ఆ దెబ్బతో అధిపతుల సంఘమే గుర్తింపునిచ్చే బోర్డు ఒకటి పెట్టి, 1982 నుంచి ప్రయోగశాలలకు గుర్తింపు ఇవ్వసాగింది.

అంతటితో సమస్య తీరిందా? తీరలేదు. 2004లో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలినప్పుడు ఒక సంచిమీద దొరికిన వేలిముద్ర ఆరిగన్ రాష్ట్రపు లాయరు ఒకరిదేనని ఎఫ్.బి.ఐ. నిపుణులు నూటికి నూరుపాళ్ళు తేల్చారు. ఆయనను నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులు అది ఒక అల్జీరియా వాసిదని కనిపెట్టారు. నూరేళ్ళ వేలిముద్ర శాస్త్రం తలవంచుకున్నది. 2009లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రయోగశాలలకు గుర్తింపు తప్పనిసరి చేయాలి, నిపుణులకు అర్హతా పరీక్ష వుండాలి, అన్నింటికంటె ముఖ్యంగా ప్రయోగశాల పోలీసుల, ప్రాసిక్యూటర్ల చెప్పుచేతల్లో వుండరాదు అని అది చెప్పింది. ఆ మరుసటి ఏడాదే ఉత్తర కరొలైనా రాష్ట్ర ప్రయోగశాలలో జరిగిన తనిఖీలో రెండువందలకు పైగా కేసుల్లో రక్తపరీక్ష ఫలితాలను దాచటమో వక్రంగా చెప్పటమో జరిగిందని బయటపడింది. ఆ ప్రయోగశాలకు గుర్తింపు పత్రం ఏళ్ళ తరబడి వున్నదే.

ఇంగ్లండులో మరొక దారి. 2007లో ఫోరెన్సిక్ సైన్స్ రెగ్యులేటర్ పదవిని ఏర్పరిచారు. 2012లో ప్రభుత్వ ఫోరెన్సిక్ సర్వీసును ఖర్చు దండుగ అని మూసి, ఆ పనిని ఎక్కువగా ప్రైవేటు కంపెనీలకు వదిలిపెట్టారు. రెగ్యులేటరుకు చట్టబద్ధమైన అధికారం మాత్రం 2021 చట్టంతో గాని రాలేదు. అంగడికి ముందు పోయి, అదుపుకు తర్వాత వచ్చారు.

వీటన్నింటివల్ల తేలేదేమిటి? గుర్తింపు పత్రం అవసరం, కాని చాలదు. ఒకే వృత్తివాళ్ళు ఒకరినొకరు తనిఖీ చేసుకుంటే అది సంఘమర్యాద అవుతుంది గాని ప్రమాణం కాదు.

* * *

మన సంగతికొద్దాం. స్వాతంత్ర్యం తర్వాత 1952లో కలకత్తాలో మొదటి రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల వచ్చింది. 1957లో అక్కడే కేంద్ర ప్రయోగశాల, 1960ల నడుమ హైదరాబాదులో మరొక కేంద్ర ప్రయోగశాల వచ్చాయి. 1988లో హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ బృందం మన దేశపు సొంత డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని తయారుచేసింది. 1996లో డి.ఎన్.ఎ. ముద్రలకూ వ్యాధి నిర్ణయానికీ ప్రత్యేక కేంద్రం సి.డి.ఎఫ్.డి. ఆ నగరంలోనే వెలిసింది. ఈ రంగంలో తెలుగునేల గర్వించదగిన చరిత్ర వుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మాత్రం హైదరాబాదులోని పెద్ద సంస్థలన్నీ అటువైపు వుండిపోయాయి. ఇటువైపు తిరిగి కట్టుకోవలసి వచ్చింది.

ప్రమాణాల సంగతి? ప్రపంచమంతటా పరీక్షా ప్రయోగశాలలకు వర్తించే ఐ.ఎస్.ఓ. 17025 అనే ప్రమాణం వుంది. 1999లో వెలువడి, 2005లోనూ 2017లోనూ సవరణ పొందింది. దాని సారం చాలా సులభం. ప్రతి యంత్రాన్నీ నిక్కమైన కొలతతో సరిచూడాలి. ప్రతి పద్ధతీ ముందే పరీక్షకు నిలిచినదై వుండాలి. పరీక్షించేవాడి అర్హత రాసిపెట్టాలి. జవాబు తెలిసిన నమూనాలతో అతణ్ణి అప్పుడప్పుడు పరీక్షించాలి. ఫలితంలో ఎంత తేడాకు అవకాశముందో చెప్పాలి. నమూనా ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందో లెక్క వుండాలి. మన దేశంలో ఈ గుర్తింపునిచ్చేది ఎన్.ఎ.బి.ఎల్. అనే జాతీయ బోర్డు. ఐతే ఆ గుర్తింపు కోరటం స్వచ్ఛందం. డి.ఎన్.ఎ. ప్రయోగశాలలకైనా దీన్ని తప్పనిసరి చేసి, పైన ఒక నియంత్రణ మండలి పెట్టాలని తయారైన బిల్లు 2019 జనవరిలో లోక్‌సభలో నెగ్గి అక్కడితో ఆగింది. అదే ఏడాది మళ్ళీ ప్రవేశపెట్టారు. ప్రజల డి.ఎన్.ఎ. నిల్వచేసే అధికారం మీద న్యాయమైన అభ్యంతరాలు లేచాయి. 2023 జూలైలో ప్రభుత్వం బిల్లును ఉపసంహరించుకున్నది. అభ్యంతరాలున్న భాగంతోపాటు అవసరమైన భాగమూ పోయింది.

వంకాయలు తూచే రాయికి ముద్ర నిర్బంధం. మనిషిని ఉరికంబం దాకా తీసుకుపోగల కొలతకు ముద్ర ఐచ్ఛికం. పూర్ణా మార్కెట్ అవ్వకు నేనీ సంగతి చెబితే నమ్ముతుందా?

ఇది మాటల వాదం కాదని చూపటానికి మన రాష్ట్రంలోని ఒక కేసు చాలు. పేర్లు నేను రాయను. అందులోని రెండు కుటుంబాలూ పేరు పొందవలసినదానికంటె ఎక్కువే పొందాయి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని దారుణంగా హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక బీద యువకుణ్ణి ముద్దాయిగా చూపారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. ప్రాసిక్యూషన్ చూపిన ఆధారాల్లో డి.ఎన్.ఎ. కూడా వుంది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు సాక్ష్యాన్నంతా జల్లెడపట్టి అతడు నిర్దోషి అన్నది. లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నది. అప్పటికి అతని యవ్వనంలో ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. తర్వాత మళ్ళీ దర్యాప్తు మొదలుపెట్టబోతే, కేసులోని సాక్ష్యపు వస్తువులు కోర్టు భద్రతలో వుండగానే ధ్వంసమైపోయినట్టు తెలిసింది. దానిమీద వేరే కేసు పెట్టవలసి వచ్చింది. 2019 డిసెంబరులో ఆ బిడ్డ సమాధి తవ్వి మళ్ళీ నమూనాలు తీశారు. కన్నవారికి న్యాయం లేదు, శిక్షపడినవాడికి పోయిన వయసు లేదు. ప్రమాణం తప్పితే నష్టపోయేది ఒక్క ముద్దాయి మాత్రమే కాదు, హతురాలు కూడా అని ఈ కేసు చెబుతున్నది. నిజమైన నేరస్థుడొక్కడే లాభపడతాడు.

సాహిత్యం చదివినవాడికి ఈ గొలుసు సంగతి కొత్త కాదు. వేమన పద్యాలకు బ్రౌను దొర ఎన్నో ప్రతులు పోగుచేసి, పోల్చి, 1829లో అచ్చువేశాడు. ఒక్క ప్రతిని నమ్మటం పండితుడికి తగదు. ఈ తాళపత్రం ఎవరింటిది, ఏ లేఖకుడు రాశాడు, నడుమ ఎవరు దిద్దారు అని అడగనిదే పాఠం తేలదు. పద్యపాదంలో ఒక్క అక్షరం కోసం మనం ఇంత తగవులాడతామే, రక్తపు బొట్టు ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందని అడగటానికి ఎందుకు మొహమాటపడాలి?

న్యాయస్థానాలు ఈమధ్య అడుగుతున్నాయి. ఢిల్లీలో ఒక యువతి హత్యకేసులో ముగ్గురికి పడిన మరణశిక్షను 2022 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, నమూనాలు పోలీసు మాల్ఖానాలో పడివున్న సంగతిని ఎత్తిచూపింది. డి.ఎన్.ఎ. నివేదికకు ఆధారమేమిటో కింది కోర్టులు పరిశీలించనే లేదన్నది. 2025 జూలైలో మరొక కేసులో, డి.ఎన్.ఎ. నమూనా సేకరించిన 48 గంటల్లోగా ప్రయోగశాలకు చేరాలని, అది చేతులు మారిన వివరాలకు మొదటి నుంచి చివరిదాకా రిజిస్టరు వుండాలని దేశమంతటికీ ఆదేశమిచ్చింది. ఏడేళ్ళు లేక అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్ళటాన్ని 2023 నాటి కొత్త సంహిత తప్పనిసరి చేసింది. దాన్ని అమలుపరచటానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చింది. మంచిదే. కాని సీసాలు పదిరెట్లయినప్పుడు పరీక్షించే చేతులు, సరిచూసే పద్ధతులు కూడా పదిరెట్లు కావాలి. లేకపోతే తప్పులే పదిరెట్లవుతాయి.

* * *

"ఈ ప్రమాణాలన్నీ ఖర్చుతో కూడినవి, మన ప్రయోగశాలల్లో ఉద్యోగాలే ఖాళీగా వుంటే గుర్తింపు పత్రాలెక్కడ?" అని కొందరంటారు. ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. గోడకు పటం కట్టుకోవటానికి పనికివచ్చే పత్రం కంటె అదనంగా ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు మేలు. ప్రయోగశాలలో పనిచేసేవారు కూడా శ్రమజీవులే. పెరిగిపోతున్న పెండింగు కేసుల కింద నలిగి, కోర్టులకూ బల్లలకూ మధ్య తిరిగే ఆ ఉద్యోగిని దోషిగా నిలబెట్టటం నా ఉద్దేశం కాదు. నిజానికి ప్రమాణం అతనికే రక్ష. "నమూనా చెడిపోయింది, నేను ఫలితం చెప్పలేను" అనే ధైర్యం ఒక్క మనిషికి వుండదు. వెనక నియమం వుంటే వుంటుంది.

కాబట్టి కావలసినవి మూడని నాకు తోస్తున్నది. మొదటిది, ముద్ర నిర్బంధం కావాలి, దాని ఖర్చు ప్రభుత్వం భరించాలి. రెండోది, ముద్ర వేసేవాడు వేరై వుండాలి. కురుపాం మార్కెట్‌లో నగ అమ్మే షావుకారు తన బంగారానికి తానే హాల్‌మార్కు వేసుకోడు. వేరే కేంద్రం పరీక్షించి వేస్తుంది. 2021 నుంచి అది చట్టం. చాలా రాష్ట్రాలలో హోంశాఖ నీడన వున్న ప్రయోగశాలకూ, నేరం మోపే పోలీసుకూ మధ్య ఆపాటి దూరమైనా అక్కరలేదా? 1849లో తెల్లవాడు పెట్టిన ప్రయోగశాల ఆరోగ్యశాఖ కింద వుండేదన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మూడోది, తూకం ఎదుటివాడి కళ్ళముందు జరగాలి. ముద్దాయి లాయరుకు నివేదికలోని చివరి వాక్యం మాత్రమే కాదు, దాని వెనకనున్న లెక్కలు, కాగితాలు, తప్పుకు అవకాశం ఎంతన్నది కూడా అందాలి. అడిగితే నిపుణుడు బోనులో నిలబడి జవాబు చెప్పాలి.

ఈ మూడూ ఆ అవ్వ దగ్గర వున్నాయి. రాయిమీద ముద్ర వుంది. అది ఆమె వేసుకున్నది కాదు. నేను అనుమానంగా చూస్తే ఆమె కోపగించింది గాని, రాయి దాచలేదు, తిరగేసి చూపింది. తర్వాత వారం మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళాను. "ముద్ర సూత్తావా బాబూ?" అని నవ్వింది. అక్కరలేదన్నాను. తర్వాత ఆలోచిస్తే అదీ తప్పేననిపించింది. చూడాలి. నమ్మకం వున్నచోట కూడా చూడాలి.